అన్నీ ‘లో’లో పెట్టడం సర్దుబాటు కాదు

గేమ్ ల్యాగ్ అవుతోందని ఎవరైనా చెప్తే మన దగ్గర వినిపించే సలహాలు రెండే. సెట్టింగ్స్ అన్నీ లోలో, అంటే అతి తక్కువ నాణ్యతలో పెట్టు, లేదంటే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించు. మొదటిది పాటిస్తే ఆట వైపు చూడబుద్ధి కాదు. రెండోదానికి ఇంట్లో పైసలు అడగాలి. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది, దాని వైపు ఎవరూ చూడటం లేదన్నదే నా బాధ. సెట్టింగ్స్ పేజీలో ఇరవై ముప్పై ఆప్షన్లుంటాయి. వాటిలో కొన్ని కార్డు నడ్డి విరగ్గొడతాయి, కొన్నింటి వల్ల దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఏది ఏమిటో తెలుసుకోకుండా అన్నింటినీ ఒకేసారి కిందికి దించేస్తే, ఏ భారమూ లేని అందం కూడా వాటితోపాటే పోతుంది.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పిల్లల ల్యాప్‌టాప్‌లు, పీసీలు తరచూ చూస్తుంటాను. చుట్టాల పిల్లలు, వాళ్ల దోస్తులు, వీధిలో వాళ్లు. చాలామంది ఇళ్లలో ఆ మిషన్ ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. వడ్లు అమ్మిన పైసలతోనో, బత్తాయి తోట గుత్తకిస్తే వచ్చిన పైసలతోనో కొన్నది. నాలుగేళ్లు చదువుకూ, ప్రాజెక్టుకూ, ఆటకూ అదే దిక్కు. రెండో సంవత్సరంలో ఒక కొత్త గేమ్ ఆగి ఆగి ఆడేసరికి, మిషన్ పాతబడిపోయిందని పిల్లవాడికి బెంగ పట్టుకుంటుంది. ఎవరో ఖరీదైన కార్డు మీద ఆడుతున్న వీడియో చూసి తన దగ్గరున్నది దండగ అనుకుంటాడు. ఆ బెంగ అక్కర్లేదని గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 లాంటి 4 జీబీ వీడియో మెమరీ ఉన్న కార్డులో ఇంకా ఎంతో ఆట మిగిలి ఉంది. దాన్ని బయటికి తీసే ఓపిక కావాలి, అంతే.

ముందు ఏ అంకె కోసం పాటుపడాలో తేల్చుకోవాలి. స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేములు, అంటే బొమ్మలు) 90 అని కనబడగానే సంతోషపడిపోతాం. కంటికి తెలిసేది ఆ సగటు కాదు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్ గీయడానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. 30 అంటే 33.3. ఒక సెకనులో 90 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో గీసి, ఇంకొక్క ఫ్రేముకు మాత్రం 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. లెక్క ప్రకారం 91 ఎఫ్‌పీఎస్ వచ్చినట్టే. కానీ ఆ ఒక్క చోట ఆట టక్కున ఆగినట్టు ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఎదుటివాడు మనల్ని కాల్చి ఉంటాడు. అందుకే ఈ అంకెలను ఆట మీదే చూపించే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకున్నప్పుడు ఎఫ్‌పీఎస్ అంకె కన్నా ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం) గీతను చూడమంటాను. ఆ గీత ఎత్తుపల్లాలు లేకుండా సాగాలి.

ఫ్రేములకు పైన ఒక హద్దు పెట్టడం అన్నింటికన్నా తేలికైన మార్పు, మనవాళ్లు అన్నింటికన్నా తక్కువ చేసే మార్పు కూడా. మానిటర్ 60 హెర్ట్జ్‌ది (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) అయితే 60కి గానీ 30కి గానీ లాక్ చేయాలి. అక్కడ 40కి లాక్ చేస్తే ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, తర్వాతది 33.3 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తాయి, కదలిక కుదుపులుగా కనిపిస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో 144 హెర్ట్జ్ స్క్రీన్లు వస్తున్నాయి కాబట్టి వాటికి 72 లేదా 48 సరిపోతాయి, ఎందుకంటే రెండూ 144ను సమంగా భాగిస్తాయి. కార్డు 52కూ 75కూ మధ్య ఊగిసలాడుతుంటే 48కి లాక్ చేసి ఒకసారి ఆడి చూడండి. అంకె తగ్గినా ఆట మెత్తబడుతుంది. కార్డు వేగానికి తగ్గట్టు తెర తన వేగాన్ని మార్చుకునే ఫ్రీసింక్, జీసింక్ పనిచేసే స్క్రీన్ ఉన్నవాళ్లకు ఈ భాగాహారం అంత పట్టింపు లేదు.

ఇక మన ప్రాంతానికి సంబంధించిన సంగతి, వేడి. సెట్టింగ్స్ గురించి మాట్లాడే వీడియోలన్నీ ఏసీ గదుల్లో తీసినవి. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. మధ్యాహ్నం రేకుల షెడ్డు పక్కనున్న గదిలో, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడితే దాని ఫ్యాన్ లోపలికి లాక్కునేది వేడి గాలే. చిప్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మనం ఏ సెట్టింగ్ దించినా లాభం ఉండదు.

మా అక్క కొడుకుది మిర్యాలగూడ. “పది నిమిషాలు మంచిగనే ఆడుతది మామా, తర్వాత ఒక్కసారిగ ముప్పైకి పడిపోతది. డ్రైవర్ గిట్ల ఏమన్న పోయిందా?” అని ఫోన్ చేశాడు. ఆ పది నిమిషాల మాటలోనే జవాబు ఉంది. డ్రైవర్ పాడైతే మొదటి నిమిషం నుంచే తెలుస్తుంది. కాసేపు బాగుండి తర్వాత కూలబడిందంటే అది వేడి. వాళ్ల ఇంటి చుట్టుపక్కల రైస్‌మిల్లులున్నాయి. అడుగు ప్లేటు విప్పితే ఫ్యాన్ రెక్కల మీద పలచటి దుమ్మే ఉంది. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య, గాలి బయటికి పోవాల్సిన చోట మాత్రం ఊక దుమ్ము మందంగా పేరుకుని గట్టిపడిపోయింది. పైనుంచి చూస్తే అది కనిపించనే కనిపించదు. ఫ్యాన్ తిరగకుండా పుల్లతో ఆపి, మెత్తటి బ్రష్‌తో ఆ పొర వదిలించి, గాలి కొట్టాం. ఆ సాయంత్రం అదే గేమ్, అవే సెట్టింగ్స్, గంట ఆడినా పడిపోలేదు. వాడికి కొత్త ల్యాప్‌టాప్ కావాలని అప్పటికే మా బావను ఒప్పిస్తున్నారు ఇంట్లో.

వారంటీలో ఉన్న మిషన్‌ను మాత్రం మీరు విప్పకండి, సర్వీస్‌కు తీసుకెళ్లండి. అడుగున గాలి ఆడేలా పుస్తకాలో, చెక్క ముక్కలో పెట్టి వెనక భాగం ఎత్తండి. గదిలో కూలర్ ఉంటే దాని గాలి నేరుగా ల్యాప్‌టాప్‌కు కొట్టకుండా చూసుకోండి, ఆ గాలిలో తేమ ఉంటుంది, తుంపర్లు కూడా పడొచ్చు. పైన చెప్పిన ఫ్రేమ్ లాక్ వేడికి కూడా మందే. హద్దు లేకపోతే కొన్ని గేములు ఉత్త మెనూ స్క్రీన్ మీద కూడా వందల ఫ్రేములు గీస్తూ కార్డును కాలుస్తుంటాయి.

సెట్టింగ్స్ ముట్టుకునే ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. డెస్క్‌టాప్ అయితే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టారా అని వెనక తొంగి చూడండి. నవ్వకండి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి కాబట్టి విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉండే గ్రాఫిక్స్ పేజీకి వెళ్లి ఆ గేమ్‌ను హై పర్‌ఫార్మెన్స్‌కు మార్చండి. 144 హెర్ట్జ్ స్క్రీన్ కొని విండోస్‌లో 60లోనే వదిలేసిన వాళ్లూ ఉన్నారు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద ఆడి ల్యాగ్ అంటే కుదరదు, బ్యాటరీ మీద కార్డుకు అందే కరెంటే తక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. వెనకబడుతోంది కార్డా, ప్రాసెసరా? ఇది తేల్చకుండా సెట్టింగ్స్ మార్చడం చీకట్లో తడుముకోవడమే. తేల్చడం చాలా సులువు. గేమ్‌లో రద్దీగా ఉన్న ఒక చోట నిలబడి ఎఫ్‌పీఎస్ చూడండి. రిజల్యూషన్‌ను (తెర మీద గీసే పిక్సెళ్ల సంఖ్యను) బాగా కిందికి దించి, అదే చోట మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే బరువు కార్డు మీద ఉంది. ఏమీ మారకపోతే బరువు ప్రాసెసర్ మీద ఉంది. ప్రాసెసర్ దగ్గర ఆగిపోయిన ఆటలో షాడోస్ (నీడలు) తీసేసినా, రిఫ్లెక్షన్స్ (ప్రతిబింబాలు) తీసేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అక్కడ దించాల్సినవి జనం, వాహనాల సాంద్రత, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలనే డిస్టెన్స్ స్కేలింగ్. జీటీఏ 5లో ఊళ్లో తిరిగేటప్పుడు ల్యాగ్ అయితే పాపులేషన్ డెన్సిటీ తగ్గించాలి. మనవాళ్లు మాత్రం టెక్స్చర్స్ (వస్తువుల మీద అతికించే బొమ్మలు) మీద పడతారు.

ఆ టెక్స్చర్స్ విషయంలో జరిగినంత అన్యాయం ఇంకే సెట్టింగ్‌కూ జరగలేదు. ల్యాగ్ అనగానే అందరి చేయీ ముందు దాని మీదికే పోతుంది. నిజానికి టెక్స్చర్ క్వాలిటీ తినేది ముఖ్యంగా వీడియో మెమరీని. ఆ మెమరీలో పట్టినంత వరకు హైలో పెట్టినా ఫ్రేములు దాదాపు తగ్గవు. పట్టకపోతే మాత్రం ర్యామ్ నుంచి తెచ్చుకుంటూ, తీసేస్తూ ఉండాలి కాబట్టి ఆగి ఆగి నడుస్తుంది. అంటే మెమరీలో ఎంత పడుతుందో అంత వరకు పెంచుకోవడమే సరైన పద్ధతి. జీటీఏ 5 సెట్టింగ్స్‌లో పైన ఎంత వీడియో మెమరీ వాడుతున్నారో చూపే పట్టీ ఉంటుంది. దాన్ని చూస్తూ కార్డు పరిమితికి కొంచెం కింద ఆపితే చాలు. టెక్స్చర్స్ లోలో పెడితే గోడ మీద రాత, మనిషి చొక్కా నేత, రోడ్డు మీద గరుకు అన్నీ అలికేసినట్టు అయిపోతాయి. అంత పోగొట్టుకుని సంపాదించేది రెండు మూడు ఫ్రేములు కూడా కాదు. ఏటవాలుగా కనిపించే టెక్స్చర్స్‌ను తేటగా ఉంచే అనిసోట్రోపిక్ ఫిల్టరింగ్ కూడా ఇదే బాపతు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్‌లో 8 లేదా 16లో పెట్టేయండి, దూరంగా పోయే రోడ్డు గీతలు మసకబారకుండా ఉంటాయి.

మరి కార్డును నిజంగా అలసిపోయేలా చేసేది ఏమిటంటే, నీడలు.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మా వైపు వాళ్లందరూ చూసిన గుడి. సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా లింగం మీద నిలిచే ఉంటుంది. ఎండ నేరుగా కాకుండా చెదిరి లోపలికి వచ్చేలా స్తంభాలను నిలబెట్టిన తీరే అందుకు కారణమని చెప్తారు. కదలని ఆ నీడను చూసినప్పుడల్లా నాకు గేముల్లో నీడ లెక్క గుర్తొస్తుంది. కదలని నీడకు గేమ్‌లో ఖర్చు లేదు. వెలుగు మారని చోట్ల నీడల్ని తయారుచేసేటప్పుడే లెక్కగట్టి గోడల మీద, నేల మీద అతికించేస్తారు. ఆడేటప్పుడు కార్డు చేయాల్సింది ఏమీ ఉండదు. పొద్దు పొడిచి, పొద్దు గూకే పెద్ద పెద్ద ఆటల్లో అలా కుదరదు. అక్కడ ప్రతి ఫ్రేముకూ కార్డు ముందుగా సూర్యుడున్న చోటు నుంచి ఆ దృశ్యాన్నంతా ఒకసారి గీసుకోవాలి. అక్కడి నుంచి కనిపించనివన్నీ నీడలో ఉన్నట్టు. అదీ ఒక్కసారితో అయిపోదు, దగ్గరి నీడలకు ఒకటి, దూరపు నీడలకు ఒకటి అని విడివిడిగా గీయాలి. ఆ నీడ పటం 1024 చదరం నుంచి 2048 చదరానికి పెరిగితే పిక్సెళ్లు నాలుగింతలు. ఆ పైన నీడ అంచులు మెత్తగా ఉండాలంటే ఒక్కో బిందువు చుట్టూ ఎన్నోసార్లు చదివి సగటు తీయాలి.

ఇంత పని చేసి అల్ట్రా షాడోస్ మనకిచ్చేది ఏమిటంటే, చెట్టు నీడలో ఒక్కో ఆకు అంచు తేటగా కనిపించడం. పరిగెత్తుతూ, కాల్చుకుంటూ పోయేవాడికి అది కంట్లో పడుతుందా? అందుకే షాడోస్‌ను అల్ట్రా నుంచి మీడియానికి దించడం మొత్తం సెట్టింగ్స్‌లో అత్యంత లాభసాటి బేరం అంటాను. పూర్తిగా తీసేయడం మాత్రం తప్పు. నీడ లేని మనిషి, నీడ లేని బండి నేలకు ఆనకుండా గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి, ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కంటికి అందదు.

నీడల తర్వాత వరుసలో నిలబడేవి పొగమంచు, వాల్యూమెట్రిక్ వెలుగులు (గాలిలో కనిపించే కాంతి చారలు), రిఫ్లెక్షన్స్, గడ్డి. సైబర్‌పంక్ 2077లో స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్‌కు సైకో అనే మెట్టు ఒకటి ఉంది, పేరుకు తగ్గట్టే కార్డును పీల్చేస్తుంది. జీటీఏ 5లో గడ్డిని అల్ట్రాలో పెడితే ఊరి బయట పొలాల్లోకి వెళ్లగానే ఫ్రేములు పడిపోతాయి, సిటీలో మాత్రం ఆ తేడా తెలియదు. అదే గేమ్‌లో వస్తువుల అంచుల్లో రంపపు పళ్లను చదును చేసే ఎంఎస్‌ఏఏ కూడా చాలా బరువు. దాన్ని ఆపేసి అదే పని తేలిగ్గా చేసే ఎఫ్‌ఎక్స్‌ఏఏ పెట్టుకుంటే అంచులు కాస్త మసకబారతాయి, ఫ్రేములు తిరిగి వస్తాయి. మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు మసక), ఫిల్మ్ గ్రెయిన్ (సినిమా రీలు మీది గరుకు) మీ ఇష్టం, వాటిని తీసేస్తే నా కంటికి హాయి.

రిజల్యూషన్‌ను నేను చివరికి అట్టిపెడతాను. 1920 బై 1080 అంటే ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు. 1280 బై 720కి దిగితే 9,21,600, అంటే సగం కన్నా తక్కువ. ఫ్రేములు ఖాయంగా పెరుగుతాయి, కానీ తెర మీద అక్షరాలు, మ్యాపు కూడా అలికినట్టు అవుతాయి. దాని బదులు తక్కువ పిక్సెళ్లలో గీసి పెద్దది చేసే ఎఫ్‌ఎస్‌ఆర్ గేమ్‌లో ఉంటే అది వాడండి. అలాంటిదే ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ కావాలంటే ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, జీటీఎక్స్ వాళ్లకు రాదు. ఏఎమ్‌డీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ మాత్రం 2021లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచి మూడో వెర్షన్ వరకు ఎన్విడియా పాత కార్డుల మీద కూడా నడుస్తుంది. 2022లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి నాణ్యత బాగా మెరుగైంది. క్వాలిటీ మోడ్‌లో అది 720పీలో గీసి 1080పీకి పెంచుతుంది, అక్షరాలను మాత్రం 1080పీలోనే ఉంచుతుంది. 15 అంగుళాల స్క్రీన్ మీద తేడా పట్టుకోవడం కష్టం. పర్‌ఫార్మెన్స్ మోడ్ అంటే 960 బై 540 నుంచి పెంచడం, అక్కడ తీగలు, ఆకులు మిణుకుమిణుకుమంటాయి. అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు చేర్చే ఫ్రేమ్ జెనరేషన్ అంటూ ఇంకొకటి వచ్చింది. అసలు ఫ్రేములు ఇంచుమించు 60 ఉన్నవాళ్లకే అది అక్కరకొస్తుంది. 25 ఎఫ్‌పీఎస్ ఆటను 50 చేసి చూపిస్తుంది కానీ, మీట నొక్కాక ఆటలో మనిషి కదలడానికి పట్టే ఆలస్యం తగ్గదు.

ఏ మార్పు చేసినా ఒక్కొక్కటిగా చేయాలి, ఒకే చోట నిలబడి చూడాలి. జీటీఏ 5, సైబర్‌పంక్ లాంటి వాటిలో బెంచ్‌మార్క్ గేమ్‌లోనే ఉంటుంది. లేని గేముల్లో బాగా బరువైన చోట సేవ్ పెట్టుకుని మళ్లీ మళ్లీ అక్కడికే రావాలి. ఒక సాయంత్రం పడుతుంది. ఇంత తలనొప్పి ఎందుకు, ఆటో సెట్టింగ్స్ ఉన్నాయి కదా అంటారు. అవి కార్డు పేరు చూసి చెప్తాయి. మీ గదిలో ఎంత వేడి ఉందో, మీ కంటికి ఏది ముఖ్యమో వాటికి తెలియదు. వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ ఆడేవాళ్లు అన్నీ లోలో పెట్టుకుంటారు కదా అని ఇంకొందరు వాదిస్తారు. వాళ్లకు శత్రువు త్వరగా కనబడటమే ముఖ్యం, వాళ్ల లెక్క వేరు, అది సరైనదే. కానీ కొండలు, వాన, సాయంత్రపు ఎండ చూడటానికే ఆడే కథల గేములకు ఆ లెక్క తెచ్చి రుద్దడం ఏం న్యాయం? ఒక మనిషి మూడు నాలుగేళ్లు కూర్చుని గీసిన కొండను మట్టిదిబ్బలా చూడాల్సిన ఖర్మ 4 జీబీ కార్డున్న పిల్లవాడికి ఎందుకు?

నాకు నిజంగా కోపం తెప్పించేవి ఎఫ్‌పీఎస్ బూస్ట్ వీడియోలు. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ పేజీ తెరిచి నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ పెంచండి అంటారు. ఆ గడి పరీక్షల కోసం కోర్లను తగ్గించడానికి పెట్టింది. దాన్ని ముట్టుకోకపోతే విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటూనే ఉంటుంది. అక్కడితో ఆగితే నష్టం లేదు. కింద లింకులో ఫైల్ దించుకోండి, విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేసి అడ్మినిస్ట్రేటర్‌గా (పూర్తి అధికారంతో) నడపండి అంటారు. ఎవరు రాశారో తెలియని ఆ ఫైలుకు ఇంటి తాళాలు ఇస్తున్నాం. అదే ల్యాప్‌టాప్‌లో నాన్న బ్యాంకు పని, అక్క ఉద్యోగం దరఖాస్తు, ఇంట్లో అందరి ఆధార్ కాపీలు ఉంటాయి. నాలుగు ఫ్రేముల కోసం ఆ పని చేయొద్దు. చేస్తున్న దోస్తు కనబడితే ఆపండి.

సెట్టింగ్స్‌తో దాటలేని గోడలు కూడా ఉన్నాయి, వాటిని దాచను. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ లాంటి వాటికి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీయడం) హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి. జీటీఎక్స్ 1650తో ఆ ఆటలు కావు. హార్డ్ డిస్క్ మీదే ఉన్న కొత్త గేమ్ మధ్యమధ్యలో ఆగుతుంటే గ్రాఫిక్స్ దించి లాభం లేదు, దానికి ఎస్‌ఎస్‌డీయే కావాలి. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు ఒకే 8 జీబీ ర్యామ్ ముక్క ఉంటే, అలాంటిదే ఇంకొకటి పక్కన వేయడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే, రెండు ముక్కలుంటే డేటా వచ్చిపోయే దారి రెండింతలవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా డెస్క్‌టాప్‌కు కార్డే కావాలనిపిస్తే నిశ్చింతగా కొనండి. పోయే ముందు పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) సంగతి చూసుకోండి. జీటీఎక్స్ 1650కి 75 వాట్లు చాలు కాబట్టి మామూలు ఎస్‌ఎంపీఎస్ మీద కూడా ఇన్నాళ్లు నడిచింది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీకి 70 వాట్లే, అది కూడా నడవొచ్చు. దాని పైకి వెళ్తే చాలా కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఆరు లేదా ఎనిమిది పిన్నుల కేబుల్ రావాలి, పాత డబ్బాల్లో అది చాలాసార్లు ఉండదు. సైడు ప్యానెల్ విప్పి, ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్‌ను వాట్లు కనిపించేలా ఫోటో తీసుకుని, షాపులో కార్డు పేరు చెప్పే ముందే ఆ ఫోటో చూపించండి.